గిటారు వీపు మీద మచ్చ

నేరం వీపు మీద జరిగింది. గిటారు వీపు మీద, నడుము వంపుకి కాస్త కింద, అరచెయ్యి పెడితే కప్పుకుపోయేంత చోటులో, కోడి గెలికినట్టు సన్నసన్నని గీతలు. కిటికీ వైపు తిప్పితే కనపడుతున్నాయి, గోడ వైపు తిప్పితే మాయమవుతున్నాయి. గీతల సారు గిటారుని ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని, మందు తాగనని మారాం చేసే పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. దరిద్రం. ఇన్నాళ్లూ ఏమీ ఎరగనట్టు మూల నిలబడి, సరిగ్గా రేపు సొంతదారుడితో పోతుందనగా ఇవాళ వీపు చూపించింది. గిటారు భార్య తమ్ముడిది, వాణ్ణి తీసుకురావడానికి ఆవిడ స్టేషనుకి వెళ్లింది. రైలు ఆలస్యమైతే ఒక గంట, కాకపోతే అంతకన్నా తక్కువ. ఈలోగా ఈ గీతలు పోవాలి. పోకపోతే బావమరిది అడుగుతాడు, ఇవెలా పడ్డాయని. ఆ ఒక్క ప్రశ్న చాలు. ఇన్నేళ్లుగా అన్నం దగ్గర కూర్చుని ఈ గిటారుని చెక్కపెట్టె అనీ, దోమతెర కట్టుకోవడానికి కూడా పనికిరాని తీగలనీ, సోమరిపోతుల సామాను అనీ వెక్కిరించిన పెద్దమనిషే, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాలు తలుపు గడియ పెట్టుకుని దాన్ని మెళ్లో వేసుకుని వాయిస్తున్నాడని బయటపడుతుంది. అంతకన్నా గుద్దుకున్న లారీ కింద పడుకోవడం నయం.

గీతల సారు అనే పేరు వర్క్‌షాపుల వాళ్లు పెట్టింది. ఎదురుగా అనరు, వెనకాల అంటారు, ఆయనకి తెలుసు, తెలుసని వాళ్లకీ తెలుసు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దెబ్బతిన్న కార్లు చూసి, ఏ గీత ఎలా పడిందో, ఏది నిజమో ఏది నాటకమో తేల్చే సర్వేయరు. మేకు గీతకి మొదట్లో లోతుంటుంది, చివర్లో తోక ఉంటుంది. చెట్టుకొమ్మ గీత వణుకుతుంది. గేటుకి రాసుకున్న గీత ఒక్క ఎత్తులోనే సాగుతుంది. ఇవేవీ తెలియని జనం ఆయన ముందు నిలబడి, పార్క్ చేసి టీ తాగి వచ్చేసరికి ఎవడో గీసేశాడండీ అంటారు. డాక్టర్లు అంటారు, లాయర్లు అంటారు, నీతి పాఠాలు చెప్పే మాస్టార్లు కూడా అంటారు. వాళ్లందరూ ఆ ఒక్క టీ కొట్టులోనే తాగి వచ్చినట్టుంటుంది. అబద్ధమాడటానికి కూడా సొంతంగా ఒక్క ఆలోచన చెయ్యలేని వెధవల మీద ఆయనకి జాలి కూడా లేదు. అలాంటి మనిషి ఇప్పుడు సొంత కేసు చూస్తున్నాడు. గీతలు పొట్టివి, దాదాపు ఒకే వరసలో ఉన్నవి, చివర్లో కొంచెం వంగినవి, అన్నీ ఒక్కచోటే. బెల్టు బకిల్. నిలబడి వాయించే మగవాడి పొట్ట దగ్గరి బకిల్. బావమరిది నిలబడి వాయించడు, స్టూలు మీద గుడ్లు పొదిగే పెట్టలా కూర్చుని వాయిస్తాడు. వాడికి బెల్టు కూడా లేదు, ఎప్పుడూ నాడా ప్యాంట్లలోనే బతుకుతాడు. ఇక ఈ ఇంట్లో బెల్టు పెట్టుకునేవాడు ఎవడు? నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్ర సర్వేయరు కూడా టీ చల్లారేలోపు రిపోర్టు రాసి పారేస్తాడు.

అసలు బుద్ధుంటే బెల్టు తీసి వాయించేవాడు. బెల్టు తీస్తే ప్యాంటు జారుతుంది, జారే ప్యాంటుతో గిటారు వాయించే యాభై దాటిన మనిషిని ఊహించుకుని ఆయనకే అసహ్యం వేసింది. కూర్చుని వాయించొచ్చు కదా అంటే, కూర్చుంటే బావమరిదిలా ఉంటుంది. ఫోన్‌లో పాఠాలు చెప్పే బట్టతల మనిషి నిలబడే వాయిస్తాడు. వాడో పెద్ద బడాయికోరు. ప్రతి పాఠం ముందూ తను ఎక్కడెక్కడ వాయించాడో చెప్పుకుంటాడు, చెప్పినంతసేపూ ఒక్క తీగ ముట్టుకోడు. ముట్టుకున్నాక మాత్రం, వెధవ, బాగా వాయిస్తాడు. ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని, రెండో చెవి వీధి తలుపుకి అప్పగించి, గీతల సారు వాడి వేళ్లని చూస్తూ తన వేళ్లు పెట్టేవాడు. మొదట్లో ఎడమచేతి వేళ్ల చివర్లు పొంగి, చేతులు కడుక్కుంటుంటే మండేవి. ఏమైందండీ అని భార్య అడిగితే బానెట్ వేడిగా ఉంటే ముట్టుకున్నానన్నాడు. ఆవిడ నమ్మింది. రక్త పరీక్షల ల్యాబులో పనిచేస్తూ, చుక్క రక్తంలో మనిషి ఏం తిన్నాడో చెప్పేసే మనిషి, ఎడమచేతి నాలుగు వేళ్లే బానెట్ మీద ఎందుకు పెట్టారని అడగలేదు. అక్కాతమ్ముళ్లిద్దరూ అంతే, ఎవరేం చెప్పినా నమ్మేస్తారు. ఆ వంశమే అంత.

సరే, గీతలు. గీతలు తీయడం వేరేవాళ్లకి పని, ఆయనకి ఆట. కారు డిక్కీలో రబ్బింగ్ కాంపౌండు డబ్బా ఉంటుంది. పెయింటు పనివాడు ఇచ్చింది, తెల్లగా వెన్నలా ఉంటుంది, మెత్తటి గుడ్డకి రాసి గుండ్రంగా తిప్పితే కొత్త కారు మీద గోటి గీత కూడా పోతుంది. ఎన్నిసార్లు చూశాడో. ఇంత మంచి సరుకుని ఓ చెక్కపెట్టెకి వాడాల్సి వచ్చినందుకు విసుక్కుంటూనే గుడ్డకి రాశాడు. తిప్పాడు. తిప్పుతుంటే ఎంత హాయిగా ఉందంటే, కాసేపు ఎందుకు తిప్పుతున్నాడో కూడా మర్చిపోయాడు. గుడ్డ తీసి చూస్తే గీతలు లేవు. గీతలున్న చోట అద్దం ఉంది. చుట్టూ వీపంతా మసకగా, పిండి అంటిన చేత్తో తుడిచినట్టు మెరుపు లేకుండా ఉంటే, మధ్యలో మాత్రం నూనె రాసిన బట్టతలలా ఓ గుండ్రటి మచ్చ మెరిసిపోతోంది. కిటికీ వైపు తిప్పినా కనపడుతోంది, గోడ వైపు తిప్పినా కనపడుతోంది. గదిలో ఎక్కడ నిలబడి చూసినా ముందు అదే కనపడుతోంది.

మాట్ ఫినిష్. ఆయన కళ్లు మూసుకున్నాడు. మెరుపు పెట్టకుండా మసకగానే వదిలేసిన పూత. దాన్ని రుద్దకూడదు, రుద్దితే మెరుస్తుంది, మెరిస్తే మచ్చ. ఇది ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా గీతల సారుకి తెలియాలి. అప్పుడెప్పుడో ఓ మసక నలుపు కారు వచ్చింది. పిట్ట రెట్ట మరక పోవడానికి యజమాని పాలిష్ పెట్టి రుద్దితే తలుపు మీద ఇలాగే అద్దం తేలింది. ఎవడో వచ్చి రుద్దేశాడండీ అంటూ క్లెయిమ్ పెట్టాడు. మీ పెయింటు ఏమిటో కూడా తెలియకుండా కారు ఎందుకు కొన్నారని ఆయన అందరి ముందూ అడిగాడు, మెకానిక్కులు నవ్వారు, ఆ మనిషి ముఖం ఎర్రబడింది. ఆ ఎర్రబడ్డ ముఖం గుర్తొచ్చి ఎన్ని రోజులు సంతోషంగా అన్నం తిన్నాడో. మరి ఈ గిటారు వీపు మసకగా ఉందని కళ్లకి కనపడలేదా? కనపడింది. కారు తలుపుకి ఇచ్చే మర్యాద దీనికి ఇవ్వాలనిపించలేదు. చెక్కపెట్టెకి ఏ పూతయితే ఏమిటి అనుకున్నాడు. బావమరిది సామాను కదా, వాడి సామానుకి ఓ పద్ధతీ పాడూ ఉంటుందా అనుకున్నాడు.

మచ్చని చుట్టూ ఇంకాస్త రుద్దితే అంచు కలిసిపోతుందేమోనని రుద్దాడు. మచ్చ పెద్దదైంది. ముందు అరచెయ్యంత ఉన్నది ఇప్పుడు పళ్లెమంత అయింది. ఆపేశాడు. ఫోన్ తీసి, వాయిద్యాలమ్మే కొట్టు నంబరు వెతికి, గొంతు మార్చి, ఓ మిత్రుడి గిటారు గురించి అడుగుతున్నానన్నాడు. అవతల కొట్టువాడు ఆవలించి, మిత్రుడంటే మీరేగా సార్ అన్నాడు. ఇలా ఫోన్లు చేసేవాళ్లందరూ మిత్రుల కోసమే చేస్తారట. పాలిష్ పెట్టారా అని అడిగాడు, పెట్టారని చెప్తే నాలుక చప్పరించాడు. ఇక ఆ వీపు మొత్తం మెరిపించాలి, లేదంటే కొత్త గిటారు తీసుకోవాలి, మా దగ్గర మంచివి వచ్చాయి, నీలం రంగులో కూడా ఉన్నాయన్నాడు. వీపు మీద గీతలకి కొత్త గిటారు అమ్మేవాడు గొంతు నొప్పికి కొత్త తల కూడా అమ్ముతాడు. గీతల సారు మాట్లాడకుండా పెట్టేశాడు. నీలం రంగట. ఎవడు కొంటాడు నీలం రంగు గిటారు? అన్నాడే గానీ, కాసేపు ఆ నీలం ఎలాంటి నీలమై ఉంటుందా అన్న ఆలోచన మాత్రం పోలేదు. పీడా పోతోంది, రేపు ఇది పోతుంది, గోడ మూల ఖాళీ అవుతుంది, అక్కడ ఫైళ్ల అల్మారా జరుపుకోవచ్చు. మధ్యాహ్నాలు పడుకోవచ్చు. పడుకుంటే నిద్ర పట్టదు, అది వేరే సంగతి.

అసలు దీన్ని ముట్టుకునేవాడే కాదు. బావమరిదికి ఓడల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్తూ, ఇద్దరు ముగ్గురం కలిసి ఒకే గదిలో ఉంటాం, పెట్టుకోవడానికి చోటు లేదు, సొంత ఇల్లు చూసుకునేదాకా మీ దగ్గర ఉంచండి బావగారూ అని బతిమాలాడు. మా ఇల్లేమన్నా గోడౌనా అన్నాడు గీతల సారు. భార్య ఓ చూపు చూసింది. సరే, అల్మారా పక్కన పడేసుకో అన్నాడు. ఇప్పుడు వాడికి ఇల్లు దొరికింది. ఓసారి ఫైలు కోసం అల్మారా తెరవబోతే ఇది అడ్డం వచ్చింది. మెడ పట్టుకుని పక్కకి జరిపితే మోకాలు తగిలింది. తగిలితే మోగింది. ఏ తీగ మోగిందో తెలీదు, అన్నీ కలిసి ఏదో లోతుగా, ఖాళీ ఇంట్లో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు మోగాయి. తలుపు తెరవని అల్మారా ముందు ఆయన అలాగే నిలబడిపోయాడు, ఆ మోత పూర్తిగా ఆగేదాకా. ఆగాక ఏ ఫైలు కోసం వచ్చాడో గుర్తు రాలేదు. మర్నాడు ఫైలు అవసరం లేకపోయినా అల్మారా తెరిచాడు. మోకాలు తగిలించాడు.

చిన్నప్పుడు వాళ్లింట్లో ఓ బాబాయ్ ఉండేవాడు. నోటితో ఊదే మౌతార్గన్ ఒకటి జేబులో పెట్టుకుని, పొద్దెక్కేదాకా నిద్రపోయి, లేచి మెట్ల మీద కూర్చుని ఊదేవాడు. నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి ఊదుతూనే ఉండేవాడు. అన్నం పెట్టేటప్పుడు అమ్మ గరిటెని బాబాయ్ కంచంలో ఓ రకంగా కొట్టేది, నాన్న కంచంలో ఇంకో రకంగా. ఆ తేడా విని విని పెరిగాడు. లెక్కల్లో మార్కులు తగ్గినా, కిటికీలోంచి బయటికి చూసినా, బాబాయిలా తయారవుతావురా అనేవాళ్లు. తయారవలేదు. ఇస్త్రీ చొక్కా, బెల్టు, చేతిలో టార్చి, ఎవరి మాటా నమ్మని కళ్లు, ఇలా తయారయ్యాడు. బాబాయిని ఇంట్లోంచి పంపించేసిన రోజున మెట్ల మీద సద్దు లేకపోతే ఎంత హాయిగా ఉందో అని నాన్న అన్నాడు. అందరూ ఔనన్నారు. తనూ ఔనన్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి బావమరిదిని చూసినప్పుడు వాడి వీపుకి ఈ గిటారు వేలాడుతోంది, గ్యాస్ సిలిండరు మోసుకొచ్చినవాడిలా. చూడగానే నోట్లోకి ఏదో చేదు వచ్చింది. ఆ రోజు మొదలుపెట్టిన వెక్కిరింపు ఇప్పటిదాకా ఆపలేదు. వాడు ఒక్కసారైనా తిరిగి మాట అని ఉంటే ఆపేవాడేమో. అనడు. నవ్వుతాడు. బావగారు భలే అంటారక్కా అంటాడు. ఎంత గట్టిగా గుద్దినా సొట్ట పడని బండిని ఏ సర్వేయరు నమ్ముతాడు?

ఆలోచన ఎక్కడికో పోతోంది, మచ్చ ఇక్కడే ఉంది. గీతల సారు లేచి వంటింట్లోకి వెళ్లాడు. మెరుపు తెప్పించడం తెలిసినవాడికి మెరుపు చంపడం తెలియదా? గిన్నెలు తోమే పచ్చటి పీచులో వాడనిది ఒకటి తీసుకున్నాడు. పొడిగానే, ఒత్తకుండా, గుండ్రంగా కాకుండా, చెక్క నార ఎటు పోతే అటు, పిల్లి వీపు నిమిరినట్టు లాగాడు. ఒకసారి లాగి చూడటం, మళ్లీ లాగడం. అద్దం మీద పొగ కమ్ముకున్నట్టు మెల్లగా మెరుపు చచ్చింది. అంచులు కలిశాయి. పూర్తిగా కలవలేదు, కాస్త బూడిద రంగు మిగిలింది, ఎవరైనా పనిగట్టుకుని పక్క నుంచి వెలుతురు పడేలా చూస్తే తప్ప తెలియదు. పనిగట్టుకుని చూసే కళ్లు ఈ వంశంలో లేవు. గిటారుని మూలన నిలబెట్టి, వీపు గోడకి ఆనించి, కిటికీ తెర సగం లాగాడు. వర్క్‌షాపుల్లో అతుకేసిన కార్లని నీడలో నిలబెట్టి చూపిస్తారు, ఆయన ముందుగా వాటిని ఎండలోకి నెట్టిస్తాడు. ఇప్పుడు నీడ ఎంత ఉపకారమో తెలిసింది. కాంపౌండు గుడ్డ, పీచు, రెండూ కాగితంలో చుట్టి చెత్తబుట్ట అడుక్కి తోశాడు. సబ్బుతో చేతులు కడుక్కుని, టీవీ పెట్టుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నేరస్థులందరూ ఇలాగే కూర్చుంటారు కాబోలు.

తలుపు గంట మోగింది. భార్య సంచీతో, ఆవిడ వెనక బావమరిది నవ్వుతో వచ్చారు. వాడు కాస్త లావయ్యాడు, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు, ఉద్యోగం మనిషిని ఎంత మార్చినా నాడా ప్యాంటు మాత్రం మారలేదు. బాగున్నారా బావగారూ అన్నాడు. ఊఁ అన్నాడు గీతల సారు టీవీ నుంచి కళ్లు తిప్పకుండా. కాఫీ తాగాక వాడు ఆగలేక మూలకి వెళ్లాడు. గిటారుని రెండు చేతులతో ఎత్తి, ముందు ముఖం చూసి, తరవాత, సచ్చినోడు, తెర పక్కకి లాగి వీపు తిప్పాడు. బొటనవేలితో ఓసారి రాసి చూశాడు.

"అక్కా, దీని వెనక ఏమన్నా తుడిచారా?" అన్నాడు.

ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది. పనావిడ తడిగుడ్డ పెట్టి తుడిచేసి ఉంటుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదంది. అయ్యో, పోనీలే, ఏమీ అనకు అన్నాడు వాడు. అంతే. కేసు మూసేశారు. గీతల సారు ఊపిరి వదిలాడు, వదిలిన వెంటనే మళ్లీ బిగబట్టాడు. ఇంత తేలిగ్గానా? ఇంట్లో ఉన్న మనుషులు ముగ్గురు, అందులో ఒకరు రోజంతా ల్యాబులో, ఇంకొకరు పనావిడ, ఆవిడేమో ఆ అల్మారా మూలకే రాదు. మిగిలిన మూడో మనిషి, రోజూ మధ్యాహ్నం ఇంటికొచ్చి గడియ పెట్టుకునేవాడు, ఎదురుగా సోఫాలో కూర్చుని ఉంటే, అక్కాతమ్ముళ్లలో ఒక్కరి కన్నైనా ఇటు తిరగలేదు. ఆయన్ని అనుమానించడానికి కూడా పనికిరాని మనిషనుకున్నారు. ఈయనకీ గిటారుకీ సంబంధం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. గెలిచిన కేసు ఇంత చప్పగా ఉంటుందని ఆయనకి తెలియదు. కంచంలో గరిటె చప్పుడు ఒకటి ఎక్కడి నుంచో వినపడినట్టయింది.

బావమరిది స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇన్ని నెలలు ఎవరూ ముట్టలేదు, తీగలు పూర్తిగా జారిపోయి ఉంటాయక్కా అంటూ, కనీసం ఓసారి మీటి వినకుండానే, మెడ చివరి మరల్లో ఒకదాన్ని పట్టుకుని గబగబా బిగించేశాడు. గీతల సారు కాలు మీది కాలు కిందికి దిగింది. నిన్న మధ్యాహ్నం ఆ తీగని ఎక్కడ నిలబెట్టాడో ఆయనకి తెలుసు. దాన్ని అక్కడికి తేవడానికి, పక్క తీగతో కలిపి మోగించి, రెండు మోతల మధ్య ఆ వణుకు ఆగేదాకా చెవి ఆనించి, ఊపిరి కూడా తీసుకోకుండా ఎంత అవస్థ పడ్డాడో తెలుసు. వీడు వచ్చి, బావిలోంచి చేద లాగినట్టు లాగేశాడు. లాగి, ఆరు తీగల మీదా చెయ్యి వేసి జాడించాడు. ఐదు తీగలు ఒక మాట అన్నాయి, ఆరోది అరిచింది. భార్య తలూపుతూ, ఎన్నాళ్లయిందిరా నీ వాయింపు విని అంది. వాడు కళ్లు మూసుకుని మళ్లీ జాడించాడు. మళ్లీ అరిచింది. వాడు నవ్వాడు. ఇన్నేళ్లు వాయించాడట వీడు. ఏదో బృందంలో కూడా ఉండేవాడట. జనం చప్పట్లు కొట్టేవారట. చెవులకి బదులు బెండకాయలు పెట్టుకు తిరుగుతున్నారా అందరూ? మూడోసారి జాడించడానికి చెయ్యెత్తాడు. మాట్లాడకు, గీతల సారు తనకి తాను చెప్పుకున్నాడు, గెలిచావు, కేసు మూసేశారు, టీవీ చూడు, రేపు పోతుంది, పీడా పోతుంది.

"పైకెక్కింది. దించు."

ఎవరన్నారో ముందు ఎవరికీ అర్థం కాలేదు. భార్య టీవీ వైపు చూసింది. బావమరిది చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏది బావగారూ?"

"పైనుంచి మూడోది. ఊరికే లాగేశావు. అది సరిగ్గానే ఉండేది."

టీవీలో ఎవరో పంటినొప్పి గురించి మాట్లాడుతున్నారు. భార్య రిమోట్ తీసుకుని దాన్ని ఆపింది. ఆవిడ ముఖం చూడకూడదనుకుని ఆయన తీగనే చూశాడు. బావమరిది మరని కొంచెం వెనక్కి తిప్పి, మీటి, ఆయన ముఖం వైపు చూశాడు. ఇంకా అన్నాడు గీతల సారు. తిప్పాడు. ఇంకొంచెం. మీటాడు. మరీ దించకు, అంత మొరటుగా తిప్పితే ఎలా, ఆగు, ఆగు, చాలు. ఆ తీగా పక్క తీగా కలిసి మోగి, మోత సన్నగా సాగి గోడల్లోకి ఇంకిపోయింది. ముగ్గురూ అది ఆగేదాకా కదల్లేదు.

"మీకెలా తెలుసండీ?" అంది భార్య.

టీ కొట్టు దగ్గర నుంచి మొదలుపెట్టి ఆయనకి తెలిసిన అబద్ధాలన్నీ వరసగా గుర్తొచ్చాయి, అందులో సొంతది ఒక్కటీ లేదు.  బావమరిది ఈసారి నవ్వలేదు. స్టూలు మీంచి లేచి, పట్టీ భుజం మీంచి తీసి, గిటారుని రెండు చేతులతో ముందుకి చాచాడు.

"ఏదీ, మిగతా తీగలు కూడా మీరే చూడండి బావగారూ."

గిటారుని అలా గోనెసంచీ అందించినట్టు అడ్డంగా ఇస్తారా ఎవరైనా, మెడ పట్టుకుని కదా ఇవ్వాలి, వీడికి ఏదీ చాతకాదు, ఇవ్వడం కూడా చాతకాదు అనుకుంటూ గీతల సారు సోఫాలోంచి లేచాడు.